టర్కీ కడుపుకా ఈ మేత, కంపెనీ కడుపుకా?

పోయిన ఏడాది క్రిస్మస్ బేరానికి అందుతాయని జులైలో 150 టర్కీ పిల్లల్ని తెచ్చి షెడ్డులో వదిలాను. డిసెంబరులో బండికి ఎక్కించినవి 88. మిగతా 62 పక్షుల్ని చేనుగట్టున గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చిపెట్టాను. ఆ ఐదు నెలల్లో మందుల షాపు నుంచి నేను మోసుకొచ్చిన ప్రీబయోటిక్ పొట్లాలు 26. పొట్లం కిలో, ధర 460 రూపాయలు. మొత్తం 11,960 రూపాయలు. ఆ చీటీలన్నీ ఇంకా మా ఇంట్లో దూలానికి గుచ్చి ఉన్నాయి.

ఈ లెక్క రాయడానికి సిగ్గుగానే ఉంది. ముప్పై ఏళ్లుగా సంఘంలో తిరుగుతూ, నకిలీ విత్తనం మీద, కల్తీ పురుగుమందు మీద ఊరూరా మాట్లాడినవాణ్ణి. అలాంటివాణ్ణే ఒక రంగురంగుల పొట్లం బోల్తా కొట్టించింది. నాకు జరిగింది మీకు జరక్కూడదని ఇది రాస్తున్నాను. ఈ పొడి ఇప్పుడు టర్కీల షెడ్డులోనే లేదు. బ్రాయిలర్‌కు, లేయర్‌కు, నాటుకోడికి, రొయ్యల చెరువుకు కూడా ఇదే మంత్రం వినపడుతోంది.

ముందే ఒక మాట. ప్రీబయోటిక్ అనేదే బూటకం అని నేను అనడం లేదు. అలా అంటే అదీ అబద్ధమే అవుతుంది. అది చేయగల పని చిన్నది. దాని పేరు చెప్పి చేస్తున్న వ్యాపారం పెద్దది. నా తగాదా ఆ రెంటికీ మధ్య ఉన్న తేడాతో.

ఈ పొడి ఏమిటి?

ప్రోబయోటిక్ వేరు, ప్రీబయోటిక్ వేరు. షాపులో రెంటినీ కలిపేసి చెబుతారు. ప్రోబయోటిక్ అంటే బతికున్న మంచి సూక్ష్మజీవులు, మన పెరుగులో ఉండేలాంటివి. ప్రీబయోటిక్‌లో ప్రాణమున్న జీవి ఏదీ ఉండదు. అది కోడి అరిగించుకోలేని ఒక రకం పీచు, చక్కెర జాతి పదార్థం. కోడికి అరగదు గనక పేగు చివరిదాకా పోతుంది. అక్కడున్న మంచి సూక్ష్మజీవులు దాన్ని తిని పెరుగుతాయి. అవి పెరిగితే చెడ్డవాటికి చోటు తగ్గుతుంది. చేలో పైరు గుబురుగా ఉంటే కలుపు అణిగినట్టే ఇదీ.

కోళ్ల దాణాలో ఎక్కువగా వాడేది ఈస్టు పై పొర నుంచి తీసిన పొడి. ఈ-కోలి, సాల్మొనెల్లా లాంటి క్రిములు పేగు గోడకు అతుక్కునే బదులు ఈ పొడికి అతుక్కుని రెట్టలో బయటికి పోతాయని శాస్త్రజ్ఞులు చెబుతారు. చికోరీ దుంప నుంచి తీసే ఇనులిన్ ఇంకో రకం. ఈస్టును పెంచేది చెరకు మడ్డి మీద. అంటే టన్నుల లెక్కన చెరకు తోలినవాడూ మన రైతే, కిలో లెక్కన పొడి కొనేవాడూ మన రైతే.

టర్కీల మీద దీన్ని వాడి చూసిన ప్రయోగాలు వేరే దేశాల్లో చాలా జరిగాయి. కొన్నిట్లో బరువు కొద్దిగా పెరిగింది, కొన్నిట్లో ఏ తేడా కనపడలేదు. ఇది పక్షి వయసును బట్టి, దాణాను బట్టి, షెడ్డు శుభ్రతను బట్టి మారుతుంది. నిజం ఇంతే. మరి షాపులో నాకు చెప్పిందేమిటి? "అన్నా, ఇది వేస్తే రోగం అనే మాటే ఉండదు. మామూలు బ్రాయిలర్ దాణా పెట్టినా టర్కీ దూసుకొస్తుంది. ఎంత ఎక్కువ వేస్తే అంత మంచిది." ఈ మూడు మాటలూ తప్పే. మూడింటికీ నేను డబ్బు కట్టాను, పక్షుల్నీ పోగొట్టుకున్నాను.

మొదటి అబద్ధం: దాణా లోటును పొడి పూడుస్తుంది

టర్కీ పిల్ల కోడిపిల్ల లాంటిది కాదు. మొదటి వారాల్లో దాని దాణాలో సుమారు 28 శాతం మాంసకృత్తులు ఉండాలి. బ్రాయిలర్ పిల్ల దాణాలో ఉండేది 22, 23 శాతం. మా నందిగామ చుట్టుపక్కల టర్కీ దాణా అని విడిగా దొరకదు. బ్రాయిలర్ దాణా పెట్టి, పైన పొడి కలిపాను. లేని సోయాను పొడి ఎక్కణ్ణుంచి తెస్తుంది? యూరియా వేయని వరికి ఆకుమందు కొట్టినట్టయింది.

ఇంకో సంగతి. టర్కీ పిల్లకు పుట్టగానే మేత, నీళ్లు వెతుక్కోవడం సరిగా చేతకాదు. తొట్టి పక్కనే నిలబడి ఆకలితో చస్తుంది. మొదటి రెండు వారాల్లో నావి పోయిన 21 పిల్లలు అలాగే పోయాయి. వాటికి కావలసింది పేగులో మంచి క్రిమి కాదు, నోట్లోకి ముద్ద. లీటరు నీళ్లలో 100 మిల్లీలీటర్ల పాలు కలిపి పెట్టాలి. పది పిల్లలకు ఒక ఉడికించిన గుడ్డు చొప్పున చిదిపి మొదటి పదిహేను రోజులు పెట్టాలి. చూపు పడటానికి నీళ్ల గిన్నెలో రంగు గోలీలు వేయాలి. ఇవి తర్వాత ఒక పశువైద్యుడు చెబితే తెలిశాయి. పాలు, గుడ్లు, పిల్లలు ఆడుకునే గోలీలతో అయ్యే పనికి నేను 460 రూపాయల పొట్లం విప్పాను.

రెండో అబద్ధం: పొడి వేస్తే రోగం రాదు

సెప్టెంబరు చివర్లో పక్షులు ముడుచుకుని కూర్చోవడం మొదలైంది. రెక్కలు వాల్చి, తల దించి, మేత ముట్టవు. రెట్ట గంధకం రంగులో పచ్చగా పడుతోంది. షాపులో చెబితే, "పొడి మోతాదు పెంచు" అన్నారు. పెంచాను. పక్షులు పోతూనే ఉన్నాయి. మూడు వారాల్లో 41.

చివరికి చచ్చిన పక్షిని సంచిలో వేసుకుని పరీక్షకు పట్టుకెళ్లాను. కోసి చూస్తే కాలేయం మీద గుండ్రటి మచ్చలు, నాణేలు అద్దినట్టు. ఇది బ్లాక్‌హెడ్ జబ్బు అన్నారు. ఇది బాక్టీరియా కాదు, హిస్టోమోనాస్ అనే ఏకకణ జీవి. నాటుకోడి పేగులో ఉండే సన్నపాటి పురుగు గుడ్లలో దాక్కుని వస్తుంది. నాటుకోడి దాన్ని మోస్తూ బాగానే తిరుగుతుంది, టర్కీకి సోకితే చంపేస్తుంది. దీనికి యాంటీబయోటిక్ పనిచేయదు. ప్రీబయోటిక్ అడ్డుపడదు.

మా షెడ్డు పక్కనే మా పెద్దమ్మ వాళ్ల నాటుకోళ్లు తిరిగేవి. వానకు లిట్టరు తడిసి వానపాములు పైకి వచ్చేవి. వానపాము ఆ పురుగు గుడ్లను మింగి ఉంటుంది, వానపామును టర్కీ మింగుతుంది. ఇంకేం కావాలి? ఎనిమిదడుగుల జాలీ, గడప దగ్గర సున్నం నీళ్ల తొట్టి, షెడ్డుకు విడిగా ఒక జత చెప్పులు ఉంటే ఆగేదాన్ని నేను పొడితో ఆపాలని చూశాను. పుండు ఒకచోట, మందు ఒకచోట.

మూడో అబద్ధం: ఎంత ఎక్కువైతే అంత మంచిది

ఈ పొడులు మామూలుగా టన్ను దాణాకు అర కిలో నుంచి రెండు కిలోల లోపు వాడతారు. మా పక్షులు మొత్తం మీద తిన్నది సుమారు రెండున్నర టన్నులు. ఎక్కువలో ఎక్కువ మోతాదు వేసుకున్నా 5 కిలోలు సరిపోయేది. అంటే 2,300 రూపాయలు. నేను వేసింది 26 కిలోలు. 9,660 రూపాయలు ఉత్తపుణ్యానికి పోశాను.

డబ్బు పోవడంతో ఆగలేదు. ఈ పదార్థం మోతాదు మించితే పేగులో పులిసి గ్యాసు పుడుతుంది, రెట్ట పలచబడుతుంది. రెట్ట పలచబడితే ఊక తడుస్తుంది, తడి ఊకలో అమ్మోనియా లేస్తుంది, పక్షి కాళ్లు పుండ్లు పడతాయి. నా షెడ్డులో జరిగింది అదే. ఆ తడికి విరుగుడుగా షాపాయన ఇంకో పొడి ఇచ్చాడు! కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడటం అంటే ఇది.

పొట్లం మీద ఏముందో కళ్లజోడు పెట్టుకుని చదివాను. మెరిసే కాగితం మీద కండలు తిరిగిన పుంజు బొమ్మ ఉంది. "మంచి ఫలితాల కోసం నిపుణుల సలహా మేరకు వాడండి" అని ఉంది. అసలు పదార్థం ఎంత శాతం, నింపుడు పిండి ఎంత శాతం, టన్నుకు ఎన్ని గ్రాములు అన్నవి మాత్రం లేవు.

ఎరువు బస్తా మీద నత్రజని, భాస్వరం, పొటాష్ ఎంతెంతో రాసి తీరాలని 1985 నుంచి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ఉంది. పురుగుమందుకు 1968 చట్టం ఉంది. విత్తనానికి 1966 చట్టం ఉంది. అవి ఉన్నా మోసాలు ఆగలేదు, నిజమే. కానీ నిలదీయడానికి చేతిలో ఒక కాగితం ఉంది. మన రాష్ట్రంలో పశువుల దాణా నాణ్యత మీద 2020లో చట్టం తెచ్చారు. మంచిదే. ఆ చట్టం సచివాలయం బీరువా దాటి, మండల కేంద్రంలో మందుల షాపు అరలో ఉన్న పొట్లం దాకా నడిచి రావాలి. నా 26 పొట్లాల్లో ఒక్కదాన్ని కూడా ఏ అధికారీ నమూనా తీసిన జాడ నేను చూడలేదు.

ఇప్పుడే ఎందుకు ఈ పొడుల వాన?

కోళ్లు త్వరగా బరువెక్కాలని దాణాలో రోజూ కొద్దికొద్దిగా యాంటీబయోటిక్ కలిపే అలవాటు ప్రపంచమంతా సాగింది. దానివల్ల మందుకు లొంగని క్రిములు తయారయ్యాయి. స్వీడన్ 1986లోనే ఆ అలవాటు మాన్పించింది. యూరోపియన్ యూనియన్ దేశాలన్నిట్లో 2006 జనవరి 1 నుంచి పెరుగుదల కోసం యాంటీబయోటిక్ కలపడం నిషేధం. అమెరికాలో మనుషుల వైద్యానికి ముఖ్యమైన మందుల్ని బరువు కోసం వాడటం 2017తో ఆపారు. మన దేశంలో కోలిస్టిన్ అనే మందును కోళ్లకు, చేపలకు, దాణాకు వాడకూడదని కేంద్రం 2019 జులైలో నిషేధించింది. ఏ మందూ పనిచేయని రోగికి డాక్టర్లు ఆఖరున ఎక్కించే మందు అది. దాన్ని మనం కోళ్ల దాణాలో కలిపాం!

ఆ నిషేధాన్ని మన సంఘం గట్టిగా సమర్థించాలి. కంపెనీల కోసం కాదు, మన కోసం. ఆ షెడ్డు ఊడ్చేది మనం. ఆ దుమ్ము పీల్చేది మన ఆడవాళ్లు. ఆ ఎరువు తోలుకునేది మన చేలకు. మందుకు లొంగని క్రిమి పుడితే మొదట తలుపు తట్టేది మన ఇంటినే.

అయితే యాంటీబయోటిక్ పోగా ఖాళీ అయిన చోటును పట్టుకోవడానికి పొడుల వ్యాపారం పరుగెత్తుకొచ్చింది. నిన్నటిదాకా యాంటీబయోటిక్ అమ్మిన చేతులే ఇవాళ "సహజం, సురక్షితం" అంటూ ప్రీబయోటిక్ అమ్ముతున్నాయి. ఓడ ఎక్కేదాకా ఓడమల్లయ్య, ఓడ దిగాక బోడిమల్లయ్య. యాంటీబయోటిక్ వాడకం మీద పత్రికల్లో వార్త వచ్చినప్పుడల్లా నింద రైతు మీద పడింది. దాణాలో అది కలిపిందెవరు, అమ్మిందెవరు, చూసీ చూడనట్టు ఊరుకున్నదెవరు అని ఎవరూ అడగలేదు.

ఒప్పంద రైతు సంగతి

కంపెనీతో ఒప్పందం మీద బ్రాయిలర్లు పెంచే మన సోదరుల స్థితి ఇంకా అన్యాయం. పిల్ల కంపెనీది, దాణా కంపెనీది, మందు కంపెనీది. షెడ్డు అప్పు, కరెంటు బిల్లు, ఊక, రాత్రి కాపలా మనవి. బస్తాలో ఏం కలిపారో అడిగే హక్కు లేదు. ప్రీబయోటిక్ ఉందో, ఇంకేదైనా ఉందో తెలియదు. బ్యాచ్ పాడైతే మాత్రం మేత మార్పిడి రేటు సరిగా లేదని పెంపకం చార్జీలో కోత మన మీదే.

ఇక్కడే అసలు తిరకాసు ఉంది. నగరాల్లో పెద్ద షాపుల్లో "యాంటీబయోటిక్ వాడని కోడిమాంసం" అని చీటీ అంటించి మామూలు రేటు కంటే ఎక్కువకు అమ్ముతున్నారు. ఆ కోడిని అలా పెంచడానికి ఊక రెండింతలు మార్చింది ఎవరు? రాత్రి లేచి గాలి తెరలు దించింది ఎవరు? కిలోకు ఎక్కువగా వచ్చిన ఆ రూపాయల్లో మన వాటా ఎక్కడ? శుభ్రమైన మాంసానికి ఊళ్లో ఒక రేటు, పట్నంలో ఒక రేటు అంటే మనం ఒప్పుకోకూడదు.

మనవాళ్లు అడిగే ప్రశ్నలు

మొన్న గ్రామ కమిటీలో ఇది మాట్లాడితే ఒక తమ్ముడు లేచి, "అయితే ఈ పొడి అంటుకోవద్దంటావా అన్నా?" అన్నాడు. అలా అనను. దాణా సరిగా ఉండి, నీళ్లు శుభ్రంగా ఉండి, ఊక పొడిగా ఉండి, టీకాలు వేసి, ఇంకొంచెం మెరుగు కోసం సరైన మోతాదులో వాడుకుంటే తప్పు లేదు. కానీ వరుస తప్పకూడదు. పునాది లేకుండా పైకప్పు వేయలేం. వాడదలచుకున్నవారు సగం పక్షులకు వేసి, సగానికి వేయకుండా, రెంటినీ తూకం వేసి పుస్తకంలో రాసుకోండి. మీ షెడ్డులో మీ తూకమే మీకు సాక్ష్యం.

ఇంకొకాయన, "ఉల్లిలో, వెల్లుల్లిలో అదే పదార్థం ఉందంట కదా, అవే వేసేద్దాం" అన్నాడు. ఉన్న మాట నిజం. కానీ ఉల్లి ఎక్కువైతే పక్షి రక్తం దెబ్బతింటుంది. కంపెనీ చెప్పిందని గుడ్డిగా వేయడం ఎంత తప్పో, ఇంట్లో ఉందని గుడ్డిగా వేయడమూ అంతే తప్పు. పెరిగిన టర్కీకి తరిగిన లూసర్న్ గడ్డి, ఆకుకూరలు మంచి మేత. దాణా ఖర్చు కూడా తగ్గుతుంది. ముందు అది చేద్దాం.

టర్కీ పెంచాలనుకునే వారికి నేను నేర్చుకున్నది నాలుగు ముక్కల్లో చెబుతాను. నాటుకోళ్లు తిరిగిన చోట టర్కీ వద్దు. మొదటి వారం బ్రూడరు కింద వేడి 95 డిగ్రీల ఫారన్‌హీట్, ఆ తర్వాత వారానికి ఐదేసి తగ్గించుకుంటూ నాలుగు వారాలు. కొక్కెర తెగులుకు, మశూచికి టీకా పశువైద్యుడి చేత వేయించాలి. రెట్ట రంగు మారిన రోజే చచ్చిన పక్షిని పరీక్షకు తీసుకెళ్లాలి గానీ షాపుకు కాదు. నేను ఆ పని మూడు వారాలు ముందు చేసి ఉంటే ఆ 41లో సగమైనా దక్కేవి.

మనం అడగాల్సింది

ఒకటి, కోళ్లకు అమ్మే ప్రతి పొడి పొట్లం మీద అసలు పదార్థం శాతం, టన్ను దాణాకు మోతాదు, ఏ వయసు పక్షికి అన్నది తెలుగులో ముద్రించాలి. షాపుల్లో నమూనాలు తీసి, ఫలితాలు రైతు సేవా కేంద్రం గోడకు అంటించాలి.

రెండు, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో కేంద్ర కోళ్ల పరిశోధనా సంస్థ ఉంది. గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది. ఇవి మన పన్నులతో నడుస్తున్నాయి. మన ఎండలో, మన మొక్కజొన్న, మన తవుడు పెట్టిన పక్షుల మీద ఈ పొడులు పనిచేస్తాయో లేదో చెప్పాల్సింది అవి. అమ్మేవాడి కరపత్రం కాదు. ఫలితం మంచిదైనా చెడ్డదైనా రైతు భాషలో చెప్పాలి.

మూడు, ఒప్పంద పెంపకంలో ప్రతి దాణా బస్తాతో పాటు అందులో కలిపిన వాటి జాబితా రైతు చేతికి ఇవ్వాలి. యాంటీబయోటిక్ లేకుండా పెంచిన బ్యాచ్‌కు పెంపకం చార్జీ మీద అదనపు రేటు ఒప్పందంలోనే రాయాలి.

నాలుగు, టర్కీ, నాటుకోడి లాంటి చిన్న పెంపకందార్లకు తగిన దాణా సహకార సంఘాల ద్వారా అందాలి. 28 శాతం మాంసకృత్తుల దాణా ఊళ్లో దొరికితే 460 రూపాయల పొట్లం వైపు ఎవరూ చూడరు.

ఐదు, ఇది మనకు మనం చేసుకోవలసింది. కోళ్లు పెంచే సభ్యులంతా మండల కమిటీ దగ్గర ఒక పుస్తకం పెట్టి ఏ పొడి వాడారు, ఎంత వాడారు, ఎన్ని పోయాయి రాయించండి. ఒక్కడి చేతిలో చీటీలుంటే ఏడుపు అంటారు. వందమంది చీటీలు కలిస్తే అది వినతిపత్రం అవుతుంది. దాన్ని పట్టుకుని కలెక్టరాఫీసు మెట్లెక్కుదాం.

నా 26 చీటీలు మొదటి పేజీలో అంటిస్తున్నాను. మీవి తీసుకురండి.